కసి తీరిన కారు

కర్నూలు నుంచి ఓర్వకల్లుకు పోయే కస్సుబస్సు ఆ పొద్దున కిటకిటలాడుతూ బయల్దేరింది. కస్సుబస్సు అన్నది అచ్చుతప్పు కాదు. ఇరవై ఒకటో శతాబ్దం చివరికొచ్చేసరికి బస్సుల్లో డీజిలూ పోయింది, బ్యాటరీలూ పోయాయి. ఎక్కినవాళ్ల చిరాకే వాటికి తిండి. అందుకని సీట్లు కావాలనే ఇరుకుగా బిగిస్తారు. కిటికీలు సగం దాకానే తెరుచుకుంటాయి. బస్సు ఖాళీగా ఉన్నా కండక్టరు "లోపలికి జరగండి, లోపలికి జరగండి" అని తరుముతూనే ఉంటాడు. ఎవరికీ ఏ విసుగూ లేని బస్సు డిపో గేటు దాటదు. "సహనం ఉంటే వాహనం లేదు" అని ఏ పెయింటరో ఈ బస్సు వెనక రాసిపెట్టాడు.

ఊరు దాటాక ఎత్తు ఎక్కే చోట ఒక చిన్న గొడవ జరిగింది. కండక్టరు టికెట్లు కొడుతూ ఒక ముసలావిడ కాలు తొక్కాడు. అది అతని ఉద్యోగమే. కానీ మనిషి కొత్తవాడు, పైగా బుద్ధిమంతుడు. "తప్పయిపోయిందమ్మా, నా సీట్లో కూర్చో" అనేశాడు. ఆవిడ కరిగిపోయి "పర్లేదులే నాయనా" అంది. చుట్టుపక్కల వాళ్లు కూడా ముచ్చటపడ్డారు. బస్సు నడిరోడ్డు మీద ఠక్కున ఆగిపోయింది.

"ఎవరయ్యా లోపల మంచిగా మాట్లాడింది?" అని డ్రైవరు వెనక్కి తిరిగాడు. "పని చేసుకోనియ్యరా?"

బస్సు ఆగిందని జనానికి ఒళ్లు మండింది. మండగానే బస్సు ఎగిరి దూకి ఎత్తు ఎక్కేసింది.

వెనక తలుపు దగ్గర కడ్డీ పట్టుకుని వేలాడుతున్న శఠగోపం ఇదంతా చూసి తన బిడ్డ అల్లరి చూసినట్టు నవ్వుకున్నాడు. ఆ ఇంజను అతని బిడ్డే. ఆ ఆగిన చోట అతను ఒక్క నిమిషం నిదానంగా ఆలోచించి ఉంటే ఈ కథ ఇంకోలా ముగిసేది. కానీ కసి ఉన్నవాడికి తీరిక ఉండదు. అతను ఓర్వకల్లు వెళుతున్నది రేసుకి, రేసుకి వెళుతున్నది రోషానికి.

ఇంజను సంగతి కాస్త చెప్పాలి. మనిషి మెదడులో బాదంగింజంత భాగం ఒకటుంది. భయం, కోపం, పగ అన్నీ అక్కడే కాపురం ఉంటాయి. దానికి శఠగోపం బాదామిక అని పేరు పెట్టాడు. బాదామికలో పుట్టే విద్యుత్తు దోమ రెక్క ఆడించడానికి కూడా చాలదు. అయితే తాళం తియ్యడానికి బలం అక్కర్లేదు, సరైన తాళంచెవి ఉంటే చాలు. ఇంజనులో ఒక స్ఫటికం ఉంటుంది. దానిలోని అణువులు బోలెడంత శక్తిని కడుపులో పెట్టుకుని నిద్రపోతుంటాయి. కసిగా ఉన్న మెదడు నుంచి వచ్చే తరంగం తగిలితే క్వాంటమ్ కవాటం తెరుచుకుని అవి ఉలిక్కిపడి లేస్తాయి. కసి ఎంతుంటే కవాటం అంత తెరుచుకుంటుంది. కసి పోతే మూసుకుపోతుంది. శాంతి, ప్రేమ, భక్తి అన్నీ పెట్టి చూశాడు శఠగోపం. భక్తికి మాత్రం కవాటం కాస్త కదిలింది. అది కూడా ధర్మదర్శనం క్యూలో నిలబడ్డ భక్తుడి మీద పరీక్ష చేసినప్పుడు.

కసికి కొలత కస్సు. వెయ్యి కస్సులు ఒక బుస్సు. కాలు తొక్కితే పది కస్సులు వస్తాయి. తొక్కి నవ్వితే వంద. తోడల్లుడు కొత్త ఇల్లు కట్టి గదిగదికీ తిప్పి చూపిస్తే ఒక బుస్సు గ్యారంటీ.

ఇంత చేసినవాడి పేరు బస్సు మీద లేదు. తలుపు పక్కన ఇత్తడి పలక మీద "ప్రసన్న ఇంజను" అని ఉంది. ప్రసన్నాంజనేయులు, శఠగోపం ఒకే ప్రయోగశాలలో ఒకే టీ గ్లాసు పంచుకున్నవాళ్లు. శఠగోపం తండ్రి తద్దినానికని అహోబిలం వెళ్లి వచ్చేలోపల ప్రసన్నం ఇంజనుకు పేటెంటు తన పేర రాయించుకున్నాడు. గుళ్లో శఠగోపం ఎవరి నెత్తినైనా పెడతారు గానీ, శఠగోపానికే శఠగోపం పెట్టినవాడు ప్రసన్నం ఒక్కడే. పెట్టి నవ్వాడు. అప్పటి నుంచి ఆ నవ్వు ఆపలేదు. పేరుకు తగ్గట్టు ఎప్పుడు చూసినా ప్రసన్నంగానే ఉంటాడు. కోర్టులో నవ్వాడు, సన్మానాల్లో నవ్వాడు, ఎదురుపడ్డప్పుడల్లా నవ్వాడు. కాశీకి పోతే ఇష్టమైనదొకటి వదిలేసి రావాలంటారు. కసిని వదలాల్సి వస్తుందేమోనని శఠగోపం కాశీకే పోలేదు.

ఓర్వకల్లు రేసుకు ఒక ఆచారం ఉంది. మొదట్లో ఈ పోటీ ఇద్దరు బస్సు డ్రైవర్ల మధ్య తగువుతో పుట్టింది. ఓడినవాడు అందరి ముందూ ఒప్పుకోవాలని పెద్దమనుషులు తీర్పు చెప్పారు. అది అట్లాగే నిలిచిపోయింది. ఇప్పటికీ రేసు అవగానే గెలిచినవాడు మైకు పట్టుకుని రెండోవాణ్ని ఒకే ఒక్క ప్రశ్న అడుగుతాడు. రెండోవాడు "ఔను" అనాలి. అనకపోతే మళ్లీ ట్రాకు తొక్కనివ్వరు. దాన్ని ఔననిపించడం అంటారు. కప్పు ఎవరికీ గుర్తుండదు, ఔను మాత్రం ఏడాదంతా టీకొట్ల దగ్గర చెప్పుకుంటారు.

కిందటేడు గెలిచింది ప్రసన్నం. రెండోవాడు శఠగోపం. ప్రసన్నం మైకులో తియ్యగా అడిగాడు. "ఏం శఠగోపం గారూ, నా ఇంజను బాగుందా?"

"ఔను" అన్నాడు శఠగోపం.

ఆ ఔను మింగుడుపడక ఏడాదిగా అతను నిద్రలో కూడా పళ్లు కొరుకుతున్నాడు. ఇవాళ గెలవాలి. గెలిచి, "ఈ ఇంజను కనిపెట్టింది నేనేనా?" అని అడగాలి. ఆ నవ్వుమొహం చేత, ఆ మైకులో, ఔననిపించాలి. జీవితంలో అతనికి ఇంకేమీ అక్కర్లేదు.

*

ఓర్వకల్లు రేసులో పరుగెత్తేవి స్టాక్ కార్లు. స్టాక్ కారంటే చూడ్డానికి దుకాణంలో అమ్మే సరుకే, లోపలి సరుకు వేరు. గుడ్డు ఆకారంలో ఉన్న బాట మీద ఒకదాని తోక ఒకటి పట్టుకుని ఎప్పుడూ ఎడమచేతి వైపే తిరుగుతుంటాయి. అన్నేసి అప్రదక్షిణాలు చేస్తే ఎవడు బాగుపడతాడురా అని శఠగోపం మేనత్త బతికున్నన్నాళ్లూ సణిగింది. ఆవిడ దెప్పడంలో దిట్ట. కారుకు మాట నేర్పాల్సి వచ్చినప్పుడు శఠగోపం ఏరికోరి ఆవిడ గొంతే పెట్టాడు. డ్రైవరుకు కసి తగ్గినప్పుడల్లా పాత అవమానాలు గుర్తుచేసి పైకి లేపడం ఆ యంత్రం పని. ఎత్తిపోతల పథకం నీళ్లకైతే ఇది ఎత్తిపొడుపుల పథకం. దాని పేరు దెప్పమ్మ.

"వచ్చావా" అంది దెప్పమ్మ, ముందురోజే ట్రాకుకు చేర్చిన కారులో కూర్చుని, మెదడు తరంగాన్ని ఇంజనుకు అందించే హెల్మెట్ అతను పెట్టుకోగానే. "తొందరేముందిలే. నువ్వు పోయేది రెండో స్థానానికే కదా. అది నీకోసం ఖాళీగానే ఉంటుంది."

ముందున్న కసిమాపకంలో ముల్లు కదిలింది.

"అప్పుడే మొదలుపెట్టకు."

"నేను మొదలుపెట్టకపోతే బండి మొదలుకాదు నాయనా. అదిగో, మీ యజమాని వస్తాండాడు."

"వాడు నాకు యజమాని కాదు."

"నీ ఇంజనుకు యజమాని కదా. నీకు కాకపోతేనేం."

ముల్లు ఇంకాస్త లేచింది. కిటికీ దగ్గరికి ప్రసన్నం వచ్చి వంగాడు. తెల్లటి సూటు, తెల్లటి నవ్వు.

"శఠగోపం గారూ, ఆరోగ్యం జాగ్రత్త. మన వయసులో ఓడిపోవడం గుండెకు మంచిది కాదట."

"మరి మానుకోకపోయావా?"

"నాకు అలవాటు లేదుగా, పర్లేదు." ప్రసన్నం కారు బానెట్ మీద ఆప్యాయంగా తట్టాడు. "బాగా చూసుకుంటున్నావు నా ఇంజనుని."

"ఇవాళ నీ చేత ఔననిపిస్తానురా."

"నువ్వడిగితే నేనెప్పుడు కాదన్నాను?" అని నవ్వుతూనే తన ఎర్ర కారు వైపు వెళ్లిపోయాడు.

గేరు వెయ్యకముందే ముల్లు బుస్సుల్లోకి పోయింది. ఆకుపచ్చ జెండా ఊగింది.

సగం రేసు దాకా శఠగోపం ముందు గుంపులోనే ఉన్నాడు గానీ ఎర్ర కారు తోక అందలేదు. ఎవరి కసి వాళ్లది. ఒకడు మామగారి మీద నడుపుతున్నాడు, ఒకడు పక్కింటి వాళ్ల కుక్క మీద నడుపుతున్నాడు. అవన్నీ చిల్లర కసులు, మలుపుల దగ్గర తేలిపోతున్నాయి. ప్రసన్నం కారు మాత్రం మొదటి నుంచీ ఒకే వేగం. ముసురు పట్టినట్టు ఎక్కడా తెరిపి ఇవ్వకుండా పోతోంది.

"వాడి కసి ఎవరి మీద?" అన్నాడు శఠగోపం, పళ్ల బిగువున. "ఏటేటా గెలుస్తూనే ఉన్నాడు. వాడికి కసి ఎందుకుంటుంది?"

"వాడి సంగతి నీకెందుకు? ముందు నీ సంగతి చూసుకో. అదొక్కటే చేతకాదు కదా నీకు."

ఎవరిదో టైరు పేలి, వేగం తగ్గించమని పసుపు జెండా పడింది. అందరూ పిట్‌లోకి వచ్చారు. పాతకాలంలో పిట్‌లో పెట్రోలు పోసేవాళ్లు. ఇప్పుడు టైర్లు మార్చేలోపల చుట్టాలొకరు కిటికీ దగ్గరికొచ్చి నాలుగు మాటలు అని పోతారు. వీటినే పిట్టకథలంటారు. శఠగోపం పిట్టకథకుడు అతని బావమరిది చక్రపాణి. చల్లగా మాట్లాడి కాల్చే మనిషి.

"బావా, నిన్న మీ అమ్మాయి బళ్లో వ్యాసం రాసిందంట."

"దేని మీద?"

"కసి ఇంజను మీద. కనిపెట్టింది ఎవరు అని అడిగారంట. ప్రసన్నాంజనేయులు గారు అని రాసింది."

శఠగోపం హెల్మెట్ అద్దం పైకెత్తాడు.

"ఎందుకు రాసింది?"

"పుస్తకంలో అట్లాగే ఉంది బావా. మార్కులు రావద్దూ? మీ నాన్నే కదమ్మా కనిపెట్టింది అన్నా. 'ఆ మాట నాన్న ఒక్కడే అంటాడు మామయ్యా' అంది."

"నిజంగానే అందా? నన్ను రెచ్చగొట్టడానికి కల్పిస్తున్నావా?"

"టైర్లు అయిపోయాయి, కదులు" అన్నాడు చక్రపాణి, ఎటో చూస్తూ.

ముల్లు చివరి అంకెకు కొట్టుకుని వణికింది. కారు పిట్‌లోంచి తుపాకీ గుండులా వెళ్లింది. మామగారు వెనకబడ్డారు, పక్కింటి కుక్క వెనకబడింది. ఒక్కొక్క కారునూ దాటుతుంటే శఠగోపం కళ్ల ముందు ఒకటే కనిపిస్తోంది. గీతలున్న కాగితం మీద గుండ్రటి చేతిరాత. దాంట్లో ఇంకొకడి పేరు.

చివరి చుట్టు మొదలయ్యేసరికి ఎర్ర కారు వెనక చేరాడు. ముందు కారు గాలిని చీల్చుకుంటూ పోతే దాని వెనక గాలి పలుచబడుతుంది. ఆ పలుచటి సందులో దూరినవాడికి వేగం ఊరికే వస్తుంది. శఠగోపం అక్కడే అతుక్కుని చివరి మలుపు దాకా ఓపిక పట్టాడు. మలుపు ఎక్కగానే పైకి లాగి, గోడకూ ఎర్ర కారుకూ మధ్య ఉన్న సందులోకి కారును కుక్కాడు.

రెండు కార్లూ పక్కపక్కన వచ్చాయి. కిటికీలోంచి చూశాడు.

ప్రసన్నం మొహంలో నవ్వు లేదు.

అన్నేళ్లలో మొదటిసారి ఆ మొహం మూసిన కొట్టులా ఉంది. శఠగోపం దాటేశాడు. అద్దంలో చూశాడు. అక్కడా లేదు నవ్వు. ఎదురుగా తిన్నటి బాట, దాని చివర నలుపు తెలుపు గళ్ల గీత. మధ్యలో ఎవరూ లేరు. అతని ఛాతీలో ఎక్కడో ఎప్పటి నుంచో బిగుసుకుని ఉన్న ముడి ఒకటి చల్లగా విడిపోయింది.

"అమ్మయ్య" అన్నాడు.

"ఏమన్నావు?" అంది దెప్పమ్మ గాభరాగా. "ఆ మాట అనకు. నాయనా, ఇంకా గీత దాటలేదు, ఆ మాట అనొద్దు. కిందటేడు మైకు గుర్తుందా? నా ఇంజను బాగుందా అన్నాడే. ఔనన్నావే, చేతులు కట్టుకుని."

"అన్నాను. ఏదో అన్నాను."

"మీ అమ్మాయి వ్యాసం."

"చిన్నపిల్ల. రేపు మళ్లీ రాస్తుంది."

"నీ బతుకంతా వాడు దోచుకున్నాడురా."

"పోనీలే దెప్పమ్మా. మొహం చూశావా వాడిది? పాపం."

పాపం అన్న మాటకు ముల్లు సున్నా మీద పడుకుంది. కవాటం మూసుకుపోయింది. స్ఫటికంలో అణువులు మళ్లీ ముసుగుతన్నాయి. అప్పుడు తట్టింది శఠగోపానికి. మనవాళ్లు కసి తీరింది అంటారు, సరుకు తీరిపోయింది అని కూడా అంటారు. రెండింటికీ ఒకే మాట. కసినే సరుకుగా పోసి ఇంజను నడిపినవాడు, కస్సులని బుస్సులని కొలతలు కట్టినవాడు, ఆ మాట ఒక్కటి చూసుకోలేదు.

కారు ఈడ్చుకుంటూ ఈడ్చుకుంటూ పోయి గీతకు ఈవల మూరెడు దూరంలో ఆగింది. అది నేల మీద గీతో, అతని నుదుటి గీతో. పక్క నుంచి ఎర్ర కారు సర్రున పోయింది.

ఓడిపోయానని అర్థమయ్యాక అరికాలి మంట నెత్తికెక్కింది. ఎక్కగానే కారు దూకి గీత దాటింది. రెండో స్థానం, అతనికోసం ఖాళీగానే ఉంది.

*

వేదిక మీద ఎండ కాస్తోంది. స్టాండ్లలో జనం ఔను కోసం చెవులు నిక్కించుకుని కూర్చున్నారు. ప్రసన్నం మైకు అందుకున్నాడు. నవ్వు మళ్లీ మొహానికి తగిలించుకున్నాడు గానీ కాస్త వంకరగా వేలాడుతోంది.

"శఠగోపం గారూ, ఒక్కటే అడుగుతాను. ఈ ఇంజను కనిపెట్టింది నువ్వే కదా?"

శఠగోపం తల తిప్పి అతని వైపు చూశాడు. ఏడాదిగా ప్రతి రాత్రీ నెమరువేసుకున్న ప్రశ్న అది. ఎదుటివాడి నోట్లోంచి వచ్చింది.

"ఔను" అన్నాడు.

ఎవరో పకాలుమన్నారు. ఆ నవ్వు స్టాండు స్టాండుకూ పాకింది.

"ఎంత పెద్ద మనసయ్యా ప్రసన్నం గారిది. గెలిచి కూడా పేరు వాడికే ఇచ్చేస్తున్నాడు."

"ఈయనేంది, ఇస్తే పుచ్చుకోడమేనా? సిగ్గుండొద్దూ?"

"ఔననక ఏం చేస్తాడు లేప్పా, ఆచారం కదా. నీకు రెండు తోకలున్నాయా అన్నా ఔననేవాడే."

ఆ చివరి మాట శఠగోపం చెవిలో సీసంలా పడింది. తను గెలిచినా ఇంతే. ప్రసన్నం నవ్వుతూ ఔననేవాడు, జనం నవ్వుకునేవాళ్లు. తన బిడ్డ వ్యాసంలో ఒక్క అక్షరం మారేది కాదు. ఏ ఔను కోసం ఏడాదంతా పళ్లు అరగదీసుకున్నాడో, అది ఎవరి నోట పలికినా చెల్లని కాసే.

వేదిక వెనక మెట్ల దగ్గర ప్రసన్నాన్ని పట్టుకున్నాడు.

"ఒక్కటి చెప్పరా. శాస్త్రం కోసం అడుగుతున్నా. ఏటేటా గెలుస్తున్నావు. పేరు నీది, పేటెంటు నీది. నీ కసి ఎప్పుడో తీరిపోయి ఉండాలి. నీ కవాటం ఎందుకు మూసుకోదు?"

చుట్టూ ఎవరూ లేరు. ప్రసన్నం నవ్వు తీసేశాడు. అది లేకుండా మనిషి బాగా ముసలివాడిలా ఉన్నాడు.

"నాది కసి కాదు. కవాటాన్ని కాస్త సానబట్టాను. నాది ఓర్వలేనితనం."

"ఎవరి మీద?"

"ఇంకెవరి మీద? ఒకే గది, ఒకే టీ గ్లాసు. ఆ ఊహ నీకు తట్టింది, నాకు తట్టలేదు. పేటెంటు లాక్కోగలిగాను, పేరు లాక్కోగలిగాను. నీకు తట్టడాన్ని ఎట్లా లాక్కునేది? నీ కసి నా మొహం చూసి తీరిపోయింది. నాది దేన్ని చూసి తీరాలి? ఊరి పేరే ఓర్వకల్లు, ఇక్కడ నా కళ్లను ఎవడు గెలుస్తాడు?"

"మరి మైకులో నిజం ఎందుకు చెప్పావు?"

"ఏడాదికొకసారి ఆ మాట నా నోటితోనే అనుకోవాలి. అప్పుడే మళ్లీ రగులుతుంది. ఇన్నాళ్లూ లోపల అనుకుంటే సరిపోయేది, ఇప్పుడు చాలడం లేదు, వయసైపోతోంది." మెట్టు దిగుతూ ఆగాడు. "నీకూ రగలాలని అన్నానులే. అక్కడ గీత ముందు నీ కారు చల్లబడటం చూసి భయమేసింది. నువ్వు పోనీలే అని ఇంటికి పోతే నేనేం చూసి బతకాలిరా?"

మెట్లు దిగేలోపల నవ్వు తగిలించుకుని ఫొటోల వైపు వెళ్లిపోయాడు.

శఠగోపం కారు దగ్గరికొచ్చాడు. ఇంజను ఆపే ఉంది. హెల్మెట్ చేతిలో పట్టుకున్నాడు, తలకు పెట్టుకోను కూడా లేదు. అయినా బానెట్ కింద స్ఫటికం ఝుమ్మంటోంది. కసిమాపకం ముల్లు అంకెలన్నీ దాటి కొసన కొట్టుకుంటోంది.

"నిండి పొంగతాండాది" అంది దెప్పమ్మ. ఆవిడ గొంతులో దెప్పు లేదు, అవసరం కూడా లేకపోయింది. "నిన్ను ఒక్క మాటన్నా అనాల్సిన పని లేదు నాయనా. ఇట్లాగే కర్నూలు దాకా పోవచ్చు. కాశీ దాకా అయినా పోవచ్చు."

అతను ఎక్కి కూర్చున్నాడు. దూరంగా జనం ఇంకా నవ్వుతున్నారు.

"వచ్చే ఏడు కూడా వస్తావు కదూ?"

అక్కడ మైకు లేదు. ఆచారం లేదు. అడిగింది తను చేసిన యంత్రమే.

"ఔను" అన్నాడు శఠగోపం.